రెడ్‌వుడ్ తీరపు పాత కలప ఊళ్లు: మెండోసినో నుంచి ఫెర్న్‌డేల్ దాకా మూడు రాత్రుల బస

హన్మకొండ, కాజీపేటల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు సాధారణంగా శాన్ ఫ్రాన్సిస్కో వంతెన, లాస్ వేగాస్ దీపాలు, దగ్గరలోని ఒక గుడి చూపిస్తారు. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో టేకు కూపులు (వంతులవారీగా చెట్లు నరికే అడవి భాగాలు), కలప డిపోల మధ్య ఉద్యోగమంతా గడిపిన నాకు మా బిడ్డ వేరే దారి ఎంచింది. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, ఆకాశమెత్తు పెరిగే సూదాకుల రెడ్‌వుడ్ చెట్ల కొండలకూ పసిఫిక్ మహాసముద్రానికీ నడుమ ఉన్న పాత ఊళ్లలో మేము మూడు రాత్రులు ఉన్నాము. మన ప్రాంతపు పెద్దవాళ్లకు పనికివస్తుందని ఆ బస గురించి, ఆ ఊళ్ల గురించి వివరంగా రాస్తున్నాను.

మొదటి రెండు రాత్రులు మెండోసినోలో గడిపాము. మూడు వైపులా సముద్రం కోసిన ఎత్తైన ఒడ్డు మీద ఉన్న చిన్న ఊరు అది. ఇళ్లు, చర్చి, దుకాణాలు, వాటి వెనుక నిలబడిన పాత నీళ్ల టవర్లు దాదాపు అన్నీ కలపతో కట్టినవే. ఈ ఊరు పుట్టిన కథలో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. బొంబాయి నుంచి చైనాకు నల్లమందు మోసిన ఫ్రాలిక్ అనే ఓడ తరువాత చైనా సరుకులతో శాన్ ఫ్రాన్సిస్కోకు వస్తూ 1850లో ఈ ఊరికి కొద్ది దూరంలో రాళ్లకు తగిలి మునిగింది. ఆ సరుకు దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల కంట రెడ్‌వుడ్ అడవి పడింది, 1852లో ఇక్కడ రంపపు మిల్లు మొదలైంది. సరైన ఓడరేవు లేని ఆ తీరంలో, కుక్క మళ్లడానికే చోటు చాలదన్నట్లు డాగ్‌హోల్ అని పిలిచిన ఇరుకు మలుపుల్లోకి చిన్న ఓడలను తెచ్చి, కొండ అంచు నుంచి జారుడు చెక్కల మీదుగా కలపను వాటిలోకి దింపేవారు. గోదావరి ఒడ్డు అడవుల్లో ఎడ్ల బండ్ల మీద, లారీల మీద దుంగలు దాటించడం చూసినవాణ్ణి కాబట్టి ఆ ఒడ్డున నిలబడి చాలాసేపు కదలలేకపోయాను.

మేము దిగిన బస పంతొమ్మిదో శతాబ్దపు కలప ఇల్లు. గది శుభ్రంగా ఉంది, నెగడు గూడు ఉంది, కిటికీ తెరిస్తే సముద్రపు హోరు వినిపిస్తుంది. అయితే ఇంటికి లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, మా గది పైఅంతస్తులో అని ముందుగా ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఇంటావిడ మొదటి రాత్రి చాలా ఇబ్బంది పడింది. మరునాడు చెప్పగానే తోటవైపు కింది గదికి మార్చారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. శాకాహారులమని ముందే తెలియజేసినా పొద్దుటి ఫలహారంలో గుడ్డు లేని పదార్థం రొట్టె, పండ్లు మాత్రమే. మా బిడ్డ వండి తెచ్చిన పులిహోర, హన్మకొండ నుంచి మేము తీసుకుపోయిన సకినాలు ఆదుకున్నాయి. అద్దె శనాదివారాల్లో బాగా పెరుగుతుంది కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మేలు.

ఊళ్లో 1854 నాటి ఫోర్డ్ హౌస్‌ను తప్పక చూడాలి. 1890లో ఊరు ఎలా ఉండేదో చూపే నమూనా అందులో ఉంది. దాన్ని చూసి బయటికి వచ్చి నడిస్తే ప్రతి వీధీ గుర్తుపట్టవచ్చు. చైనా నుంచి వచ్చిన కూలీలు కట్టుకున్న క్వాన్ తై అనే చైనా దేవుడి గుడి, ఎర్ర రంగు వేసిన చిన్న కలప గది, పక్క వీధిలోనే ఉంది.

పదహారు కిలోమీటర్ల దూరంలోని ఫోర్ట్ బ్రాగ్‌లో 1885లో దుంగల రవాణా కోసం వేసిన రైలు మార్గం ఉంది. 1925లో వచ్చిన పెట్రోలు బండ్ల ఘాటు వాసన వల్ల దానికి స్కంక్ అనే కంపుకొట్టే జంతువు పేరు స్థిరపడింది. ఇప్పుడు యాత్రికుల కోసం నడిచే ఈ రైలు నెమ్మదిగా, వాగు వెంట హాయిగా పోతుంది. పిల్లలకూ నడవలేని పెద్దలకూ బాగుంటుంది. కానీ దారి పొడవునా కనిపించేవి ఎక్కువగా నరికిన తరువాత మళ్లీ పెరిగిన చెట్లే గనుక మహావృక్షాల కోసమైతే దీని టికెట్టు కొనవద్దు. ఊరి చెత్తను 1967 దాకా సముద్రంలో పోయగా నునుపుతేలిన గాజు ముక్కల తీరం గ్లాస్ బీచ్‌కు అరగంట చాలు. అక్కడ ముక్కలు ఏరడం నిషేధం.

అక్కడి నుంచి ఉత్తరానికి తీరం ఎంత నిటారుగా ఉంటుందంటే రోడ్డు వేసేవారే వెనుదిరిగి, దారిని లోపలికి మళ్లించారు. ఆ లోపలి దారిలోనే అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ అనే 51 కిలోమీటర్ల పాత రోడ్డు, దాని పక్కన ఫౌండర్స్ గ్రోవ్ అనే పాత రెడ్‌వుడ్ తోపు ఉన్నాయి. నా దృష్టిలో ఈ ప్రయాణానికి ప్రాణం ఇదే. 1991లో కూలిన డయర్‌విల్ జెయింట్ అనే మాను అక్కడే నేల మీద పడి ఉంది. నిలబడి ఉన్నప్పుడు దాని ఎత్తు దాదాపు 110 మీటర్లు. మా అల్లుడు చేయి పట్టుకుని దాని వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. కూపులో నరికిన టేకు మోడు నుంచి చిగుళ్లు వచ్చి మళ్లీ చెట్లవుతాయని మా అటవీ శాఖలో ప్రతి గార్డుకూ తెలుసు, కానీ సూదాకుల చెట్లలో ఆ గుణం అరుదు. రెడ్‌వుడ్‌కు మాత్రం అది ఉంది. తల్లి చెట్టు పోయిన చోట మధ్యలో ఖాళీ, చుట్టూ వలయంగా పిల్ల మానులు నిలబడి ఉంటాయి. ‘బాపూ, ఇవి కూడా టేకు తీరేనా?’ అని మా బిడ్డ అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పాత అడవిలో మిగిలింది సుమారు ఐదు శాతమే. మెండోసినోలో ముచ్చటపడి చూసిన ఇళ్లు మిగతా దానిలోనివే అని ఇక్కడ నిలబడినప్పుడు బాగా తెలుస్తుంది, అందుకే ఊళ్లనూ అడవినీ విడదీసి చూడవద్దని నా సలహా. గ్రోవ్‌లోని బాట చదునుగా, చిన్నగా ఉంటుంది. మా ఇంటావిడ ఇబ్బంది లేకుండా నడిచింది.

చివరి రాత్రి ఫెర్న్‌డేల్‌లో. ఈ ఊరు పాడి మీద బతికింది. వెన్న డబ్బుతో కట్టిన నగిషీల విక్టోరియన్ ఇళ్లను అక్కడివాళ్లు వెన్న మేడలంటారు, ఊరంతటినీ కాలిఫోర్నియా చారిత్రక స్థలంగా గుర్తించారు. 1992 భూకంపాల్లో దెబ్బతిన్న ఇళ్లను బాగుచేసుకుని వీధిని నిలుపుకున్న తీరు నాకు ఎంతో నచ్చింది. మా ఇంటావిడకు మూడు ఊళ్లలో ఇదే ఇష్టమైనది; వీధి సమతలం, గది కింది అంతస్తులో, మనుషులు పలకరించి మాట్లాడేవారు. దగ్గరలోని యురేకా పట్నంలో కలప వ్యాపారి కార్సన్ కట్టించిన, 1886లో పూర్తయిన మేడ అద్భుతంగా ఉన్నా ప్రైవేటు క్లబ్బు కాబట్టి బయటి నుంచే చూడాలి, పది నిమిషాల పని.

వేసవిలోనూ పొగమంచు, చలి ఉంటాయి. స్వెట్టరు, మఫ్లరు తప్పనిసరి. మెండోసినోకు పోయే దారిలో మలుపులు ఎక్కువ గనుక కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర వేసుకుని బయలుదేరాలి. అడవిలో చాలాచోట్ల ఫోను పనిచేయదు, దారి పటం ముందే దింపుకోవాలి. మళ్లీ వెళ్తే మెండోసినోలో ఒక్క రాత్రే ఉండి, ఫెర్న్‌డేల్‌లో రెండు రాత్రులు తీసుకుని, పొద్దున్నే జనం రాకముందే ఫౌండర్స్ గ్రోవ్‌కు చేరుకుంటాను.