పసుపు రంగు పెన్ పీహెచ్ మీటర్: ఇంట్లో లోషన్లు చేసేవాళ్లకు పనికొస్తుందా?

పేర్లు వేరైనా, పీహెచ్‌ను, అంటే ద్రవం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకెను, కొలిచే ఈ ఆన్‌లైన్‌లో దొరికే చవక పెన్ మీటర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అక్వేరియంల వాళ్లు ఎక్కువగా వాడతారు. టోనర్లు, లోషన్లు చేసుకునేవాళ్లకూ బాగానే పనికొస్తుంది. డబ్బాలో మీటరు, మూడు బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) పొడి ప్యాకెట్లు (4.00, 6.86, 9.18) వస్తాయి. మీటరు కొనన ఉండే గాజు బల్బును తడిగా ఉంచే ద్రవం మాత్రం ఇవ్వరు. అది పెద్ద లోటే.

రంగు మారే పీహెచ్ స్ట్రిప్పులుండగా మీటరెందుకంటే, ప్రిజర్వేటివ్ (పాడవకుండా కాపాడే పదార్థం) కోసం. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ బెంజోయిక్ ఆమ్లంగా మారిన మేరకే బూజును ఆపుతుంది. పీహెచ్ 4.2 దగ్గర సగం అలా మారుతుంది. 5.0 దగ్గర 14 శాతం, 5.5 దగ్గర 5 శాతం లోపే. స్ట్రిప్పు రంగు పోల్చడంలో అర యూనిట్ తేడా రావడం మామూలే. ఆ అర యూనిట్‌తోనే టోనర్‌కు ఉన్న రక్షణ మూడో వంతుకు పడిపోతుంది. కుంకుడు రసం లాంటి ముదురు ద్రవాల్లో స్ట్రిప్పు ఆ రంగే పట్టుకుంటుంది కాబట్టి పోల్చడానికి ఏమీ మిగలదు. లిట్మస్ కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక్కో బఫర్ ప్యాకెట్‌ను 250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి. ముందు 6.86లో, కడిగాక 4.00లో కాలిబ్రేట్ చేయాలి, అంటే మీటరు అంకెను బఫర్ అంకెకు సరిచేయాలి. 9.18 సబ్బులు చేసేవాళ్లకే అవసరం. చిన్న గ్లాసులోకి వంపుకుని వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయకూడదు. మీటరు 0.01 దాకా చూపిస్తుంది గానీ నమ్మాల్సింది మొదటి దశాంశాన్నే. డిస్టిల్డ్ వాటర్‌లో 7 రాలేదని మీటరు పాడైందనుకోవద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ నీరు 5.6 దాకా దిగుతుంది, పైగా అయాన్లు లేక అంకె కుదురుగా నిలవదు.

లోషన్‌లో బల్బును నేరుగా ముంచితే నూనె పొర పట్టేస్తుంది. 1 గ్రాము లోషన్‌ను 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అంకె నిలిచాక చదవాలి. బోరు నీళ్లు వాడితే అందులోని బైకార్బనేట్ల వల్ల రీడింగ్ పైకి పోతుంది. నీరే లేని బామ్‌కు, నూనెకు పీహెచ్ కొలవడమన్నదే లేదు.

పీహెచ్ తగ్గించాలంటే 2 గ్రాముల సిట్రిక్ యాసిడ్‌ను 8 గ్రాముల నీళ్లలో కరిగించి, చుక్కచుక్కగా వేస్తూ ప్రతిసారీ కలిపి కొలవాలి. కార్బోమర్ (చిక్కబరిచే పదార్థం) జెల్ అయితే పీహెచ్ బాగా దిగినప్పుడు నీళ్లలా జారిపోతుంది. నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) ఉన్న సీరంను 5 కన్నా దించకపోవడం మేలు. అక్కడ బెంజోయేట్ చాలదు, 1 శాతం లోపు ఫినాక్సీఇథనాల్ అనే మరో ప్రిజర్వేటివ్ నయం.

మీటరు నిల్వకు 22.4 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను నీళ్లలో కరిగించి మొత్తం 100 మి.లీ. చేయండి. మూతలో కొన్ని చుక్కలు చాలు. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే ఎలక్ట్రోడ్ (బల్బు ఉన్న కొలిచే భాగం) లోపలి లవణం బయటికి కారిపోతుంది. బల్బు ఎండిపోతే రాత్రంతా ఇదే ద్రావణంలో నానబెట్టాలి. నూనె పడితే గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఆడించి కడగాలి, గుడ్డతో రుద్దొద్దు.

5కి 3.5 ఇవ్వొచ్చు. చవక మోడళ్లలో ఎలక్ట్రోడ్ మార్చే వీలుండదు. శుభ్రం చేసి, నానబెట్టి, మళ్లీ కాలిబ్రేట్ చేసినా తాజా 4.00 బఫర్‌లో 4.4 చూపిస్తుంటే ఇక కొత్తది కొనుక్కోవాల్సిందే.