గిట్‌హబ్ పుల్ రిక్వెస్ట్ రివ్యూ: 'చేంజెస్ రిక్వెస్టెడ్' చూసి కంగారుపడే జూనియర్లకు ఎంత ఉపయోగం?

అనంతపురం జేఎన్‌టీయూలోనో, కర్నూలు, కడప కాలేజీల్లోనో చదువు ముగించి బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో చేరిన మన పిల్లలకు మొదటి ఏడాదిలో తగిలే విమర్శలో ఎక్కువ భాగం మేనేజర్ నోటి నుంచి రాదు. గిట్‌హబ్ (టీమ్ కోడ్‌ను ఉంచి కలిసి పనిచేసే సైట్) పుల్ రిక్వెస్ట్ పేజీలో, అంటే 'నా మార్పులను అసలు కోడ్‌లో కలపండి' అని అడిగే చోట, రాతపూర్వకంగా వస్తుంది. అందుకే ఈ సమీక్షలో చూసేది ఒక్కటే: విమర్శ అందుకునే మనిషికి ఈ సాధనం ఎంతవరకు తోడుగా ఉంటుంది? చాలావరకు ఉంటుంది. రెండు మూడు చోట్ల మాత్రం గట్టిగా దెబ్బతీస్తుంది.

ముందుగా 'చేంజెస్ రిక్వెస్టెడ్' అనే ఎర్ర గుర్తు సంగతి. అప్రూవ్, కామెంట్, రిక్వెస్ట్ చేంజెస్ అనే మూడు రకాల రివ్యూ 2016లో వచ్చింది. 'చేంజెస్ రిక్వెస్టెడ్' అంటే ఈ కోడ్ ఇంకా మెర్జ్‌కు (అసలు కోడ్‌లో కలపడానికి) సిద్ధం కాలేదని మాత్రమే. అది మీ పనితీరు మీద తీర్పు కాదు. బ్రాంచికి (కోడ్‌లో విడిగా నడిచే శాఖకు) రక్షణ నియమాలు పెట్టిన చోట ఆ రివ్యూ ఇచ్చిన సీనియరే మళ్లీ అప్రూవ్ చేయాలి, లేదా అధికారం ఉన్నవాళ్లు ఆ రివ్యూను డిస్మిస్ చేయాలి. 'నిట్' అని మొదలయ్యే కామెంట్ చిన్న విషయం. ఒంటరిగా 'ఎందుకు?' అని ఉంటే కోపం అనుకోకండి, కారణం చెప్పమని అడుగుతున్నారంతే.

ఈ సాధనంలో అన్నిటికన్నా మంచిది ప్రతి కామెంట్ కిందా విడిగా జవాబిచ్చే సౌకర్యం. ఫోన్లో 'సరేన్నా, మార్చేస్తా' అని ఊరుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఏం మార్చారో రాతలో కనబడాలి. ఉదాహరణకు 'లూప్‌లో డేటాబేస్ కాల్ ఉంది' అని, అంటే ఒక్కో ఆర్డర్‌కూ డేటాబేస్‌ను మళ్లీ మళ్లీ అడుగుతోందని (ఆ అడగడమే క్వెరీ) కామెంట్ వచ్చిందనుకోండి. 'డన్' అని రాస్తే సీనియర్ మళ్లీ కోడంతా వెతుక్కోవాలి. దాని బదులు ఇలా రాయండి: 'నిజమే, ప్రతి ఆర్డర్‌కూ కస్టమర్ వివరాల కోసం విడిగా క్వెరీ వెళ్తోంది. ఆర్డర్ల జాబితాకు ఒకటి కలిపి 200 ఆర్డర్లకు 201 క్వెరీలు. ఇప్పుడు కస్టమర్లందరినీ ఒకే క్వెరీలో తెస్తున్నాను, మొత్తం 2.' చివర్లో కమిట్ (ఒకసారి నమోదు చేసిన మార్పుల కట్ట) నంబరులోని మొదటి ఏడు అక్షరాలు అతికిస్తే గిట్‌హబ్ దాన్ని లింకుగా మార్చేస్తుంది. ఒప్పుకోని చోట కూడా పద్ధతి ఇదే: కారణం, కొలత, ఆపైన 'మీరేమంటారు?' అనే ప్రశ్న. అటూ ఇటూ రెండు మూడు జవాబులయ్యాక కూడా తేలకపోతే ఓ పది నిమిషాలు కాల్‌లో మాట్లాడి, తేలిన నిర్ణయాన్ని మళ్లీ అదే థ్రెడ్‌లో రాయాలి. లేదంటే వచ్చే నెల ఇంకొకరు అదే ప్రశ్న వేస్తారు.

ఇప్పుడు అసలు లోపం. 'ఫైల్స్ చేంజ్డ్' ట్యాబ్‌లో జవాబులు రాసేటప్పుడు 'స్టార్ట్ ఎ రివ్యూ' నొక్కితే అవన్నీ 'పెండింగ్' గుర్తుతో మీకొక్కరికే కనబడతాయి. 'సబ్మిట్ రివ్యూ' నొక్కేదాకా అవతలివాళ్లకు ఒక్క అక్షరం చేరదు. ఇటు జూనియరేమో అన్నిటికీ జవాబిచ్చానని నిశ్చింతగా ఉంటాడు, అటు సీనియరేమో పట్టించుకోలేదని చిన్నబుచ్చుకుంటాడు. మనుషుల మధ్య అపార్థం పుట్టించే ఇలాంటి చోట అంత చిన్న పసుపు గుర్తుతో సరిపెట్టడం గిట్‌హబ్ చేసిన పెద్ద పొరపాటు. పని ముగించే ముందు పేజీలో 'పెండింగ్' అన్న మాట కోసం వెతకండి.

2018లో వచ్చిన 'సజెస్టెడ్ చేంజెస్' బాగుంది. సీనియర్ రాసిచ్చిన లైన్లను ఒక్క నొక్కుతో కమిట్ చేయొచ్చు. చాలా ఉంటే 'యాడ్ సజెషన్ టు బ్యాచ్'తో అన్నీ కలిపి ఒకే కమిట్‌గా పెట్టొచ్చు. అయితే ఆ కమిట్ సర్వర్‌లో పడుతుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు. పుల్ చేయకుండా (దాన్ని మీ దగ్గరకు దించుకోకుండా) పని కొనసాగిస్తే తర్వాతి పుష్‌ను (మీ కమిట్లను సర్వర్‌కు పంపడాన్ని) గిట్, అంటే మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్, తిరస్కరిస్తుంది. అక్కడ కంగారుపడి ఫోర్స్ పుష్ చేస్తే (సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి మీది బలవంతంగా పెడితే) సీనియర్ సూచించిన మార్పులే బ్రాంచి నుంచి ఎగిరిపోతాయి. 'నేను చెప్పింది తీసేశాడు' అన్న నింద ఇలాగే పుడుతుంది. పైగా ఆ సూచనను ఎవరూ నడిపి చూసి ఉండరు, పైథాన్‌లో ఒక్క ఇండెంట్ (లైను ముందుండే ఖాళీ) తేడా చాలు, కోడ్ చెడిపోవడానికి. టెస్టులు నడిపాకే ముందుకెళ్లండి.

రివ్యూ మధ్యలో రీబేస్ చేసి (మీ కమిట్లను కొత్త కోడ్ మీద తిరగరాసి) ఫోర్స్ పుష్ కొట్టడం ఇంకో తంటా. పాత కామెంట్లు 'అవుట్‌డేటెడ్' అయి ముడుచుకుంటాయి, కిందటిసారి చూశాక ఏం మారిందో సీనియర్‌కు అంతుపట్టదు. దిద్దుబాట్లను కొత్త కమిట్లుగానే పెట్టండి. చివర్లో 'స్క్వాష్ అండ్ మెర్జ్' వాటిని ఒకటి చేసేస్తుంది.

అన్నీ అయ్యాక కుడివైపు సీనియర్ పేరు పక్కనున్న గుండ్రటి బాణం నొక్కాలి. అప్పుడే మీ పుల్ రిక్వెస్ట్ వాళ్లు చూడాల్సిన జాబితాలోకి మళ్లీ వస్తుంది. ఇది తెలియక రోజుల తరబడి ఎదురుచూసేవాళ్లు చాలామంది. 'రిజాల్వ్ కన్వర్జేషన్' బటన్ మీకూ కనబడుతుంది కానీ, టీమ్‌లో వేరే పద్ధతి లేకపోతే కామెంట్ పెట్టినవాళ్లకే వదిలేయడం మర్యాద.

ఊళ్లో ఇంటి నుంచి, మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు పెద్ద పుల్ రిక్వెస్ట్ పేజీ బరువే. పెద్ద ఫైళ్లకు 'లోడ్ డిఫ్', పొడుగు చర్చలకు 'లోడ్ మోర్' నొక్కాలి. ఆ రెండో దాని వెనక దాగిన కామెంట్లు కంట పడక మిగిలిపోతుంటాయి, జాగ్రత్త.

'ఓనర్‌షిప్ లేదు', 'అప్‌డేట్ ఇవ్వవు' అని మేనేజర్ అన్నప్పుడు ఈ సాధనం నేరుగా ఏమీ చేయలేదు. అయినా ఒక దారి ఉంది. పుల్ రిక్వెస్ట్స్ పేజీలో 'క్రియేటెడ్', 'క్లోజ్డ్' ఎంచుకుని మీ పాత వాటిలో పదేపదే వచ్చిన కామెంట్లు ఏరండి. టెస్టులు రాయలేదనా, ఎర్రర్ వస్తే ఏమవుతుందో చూసుకోలేదనా? ఆ జాబితాతో వెళ్లి 'ఈ రెండూ దిద్దుకుంటున్నాను, ఇంకేమైనా ఉన్నాయా?' అని అడిగితే మాట గాల్లో తేలదు.

ఖర్చు విషయానికొస్తే, 2020 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ రిపోలకు (ప్రాజెక్టు కోడ్ ఉంచే చోట్లకు) కూడా ఎంతమందినైనా ఉచితంగా చేర్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరకముందే సాధన చేయాలనుకునే విద్యార్థులకు పబ్లిక్ రిపో చాలు. తన పుల్ రిక్వెస్ట్‌ను తానే అప్రూవ్ చేసుకోవడానికి గిట్‌హబ్ ఒప్పుకోదు కాబట్టి హాస్టల్‌లో ఇంకో ఫ్రెండ్‌ను జత చేసుకుని, ఒకరి కోడ్‌కు ఒకరు 'రిక్వెస్ట్ చేంజెస్' పెట్టుకోండి.