ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంప్రొవైజ్డ్ జాజ్: ఎక్కడ వినాలి, ఎక్కడ దిగాలి

జులై, ఆగస్టుల్లో వెళ్తే కాలువలు, మ్యూజియంలు చూసుకుని రావడమే. ఇంప్రొవైజ్డ్ జాజ్, అంటే స్టేజీ మీద అప్పటికప్పుడు అల్లే జాజ్, వినిపించే క్లబ్బులు చాలావరకు మూసేస్తారు. సెప్టెంబరు నుంచి జూన్ దాకా సీజను. అందుకే ముందు కచేరీల క్యాలెండర్, తర్వాతే విమానం టికెట్. 2025 సెప్టెంబరు నుంచి కేఎల్ఎం హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి నేరుగా విమానం నడుపుతోంది కాబట్టి మనవాళ్ళకి ప్రయాణం తేలికే.

అందరూ మొదట చెప్పే జాజ్ హాలు పేరు బిమ్‌హౌస్. 1974లో మొదలై, 2005లో ఇప్పుడున్న నీటి ఒడ్డు భవనంలోకి మారింది. సెంట్రల్ స్టేషన్ నుంచి పావుగంట నడక, లేదా 26 నంబరు ట్రాములో ఒక్క స్టాపు. స్టేజీ వెనక పెద్ద అద్దం, దాని అవతల పట్టాల మీద రైళ్ళు. ధ్వని శుభ్రంగా ఉంటుంది, పియానో బాగుంటుంది. కానీ పేరు చూసి ఏదో ఒక రోజు టికెట్ కొనేస్తే దెబ్బతింటారు. అక్కడ ఫంక్, లాటిన్, గాత్ర కచేరీలూ చాలా ఉంటాయి. హాలును బట్టి కాదు, వాయించేవాళ్ళ పేర్లను బట్టి రోజు ఎంచుకోవాలి.

ఆ పేర్లు తెలియాలంటే ఐసీపీ (ఇన్‌స్టంట్ కంపోజర్స్ పూల్) దగ్గర మొదలుపెట్టండి. మిషా మెంగెల్‌బెర్గ్ (పియానో), హాన్ బెనింక్ (డ్రమ్స్), విల్లెం బ్రూకర్ (సాక్సఫోన్) 1967లో పెట్టిన బృందం అది. రాసిన ట్యూన్ సాఫీగా సాగుతుంటే మధ్యలో చొప్పించి దాన్ని చెడగొట్టడానికి మెంగెల్‌బెర్గ్ చిన్న చిన్న ముక్కలు రాసి పెట్టేవాడు; వాటిని 'వైరస్'లనేవాడు. కచేరీలో ఉన్నట్టుండి నలుగురు ఒక దారి, ఇద్దరు ఇంకో దారి పట్టారంటే తప్పు జరిగిందనుకోకండి. డ్రమ్స్ దగ్గర కళ్ళు కూడా పనిచేయాలి: బెనింక్ స్నేర్ డ్రమ్ మీద మడమ ఆనించి, నొక్కుడు పెంచుతూ తగ్గిస్తూ స్వరం మార్చే తీరు వెనక వరసలోంచి కనిపించదు. సీటు నంబరు లేని కచేరీకి తలుపులు తీసే వేళకే చేరుకుని ముందు వరసల్లో పక్కగా కూర్చోండి.

చిన్నచోట్ల విషయం వేరు. డె విట్టెన్‌స్ట్రాట్‌లో జాల్ 100, ఫోండెల్ పార్కు పక్కన ఓసీసీఐఐ, రెండూ ఖాళీ భవనాలను ఆక్రమించుకునే స్క్వాట్ ఉద్యమం నుంచి వచ్చినవే. టికెట్ చవక, కుర్చీలు మోటు, వేళలు కొంచెం అటూ ఇటూ. మైకు లేని సాక్సఫోన్ గాలి, తీగ మీద విల్లు గీరుడు బిమ్‌హౌస్‌లో కన్నా ఇలాంటి గదుల్లోనే దగ్గరగా వినిపిస్తాయి. స్ప్లెండర్ ఇంకో తరహా: పాత స్నానశాలను సంగీతకారులే తలా కొంత పెట్టుబడితో క్లబ్బుగా మార్చుకున్నారు. ఒక్క రాత్రే ఉందంటే బిమ్‌హౌస్‌ని వదిలి వీటిలో ఒకదానికి వెళ్ళమంటాం.

బస దగ్గరే డబ్బు కరుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది ధర మీద 12.5 శాతం పర్యాటక పన్ను. బుకింగ్ సైట్లలో ఒక్కోసారి అది చివరి పేజీలోగానీ కనిపించదు. పక్క ఊరు జాన్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి రైల్లో 12 నిమిషాల దూరం, గదులు తరచూ చవక (బెనింక్ పుట్టిన ఊరు కూడా). చిక్కు ఒక్కటే: రాత్రంతా గంటకో రైలు తిరిగే మార్గం ఉత్రెక్ట్, ఆమ్‌స్టర్‌డామ్, షిపోల్, లీడెన్, హేగ్, రోటర్‌డామ్ మీదుగా వెళ్తుంది, జాన్‌డామ్ అందులో లేదు. జామ్ సెషన్ (వచ్చినవాళ్ళంతా కలిసి వాయించుకునే వేళ) అయ్యేదాకా ఉండాలనుకుంటే లీడెన్ నయం. పట్టాల మరమ్మతులు రాత్రిపూటే చేస్తారు, అలాంటప్పుడు రైలు బదులు బస్సు వేస్తారు. ఆ సాయంత్రమే ఎన్ఎస్ (డచ్ రైల్వే) యాప్ చూసుకోండి.

ట్రాముకీ రైలుకీ బ్యాంకు కార్డే చాలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ట్యాప్ చేయాలి. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు వాడితే, ఖాతా ఒకటే అయినా సిస్టమ్ రెండు ప్రయాణాలుగా లెక్కేసి రెండింటికీ ఎక్కువ కోస్తుంది. రూపే కార్డును నమ్ముకోకండి.

భోజనం కచేరీకి ముందే కానివ్వండి. శాకాహారులకి సురినామ్ రోటీ కొట్లు దిక్కు. గుడ్డు వద్దని ముందే చెప్పాలి, కూరతో పాటు అది మామూలుగానే వచ్చేస్తుంది.

రికార్డులు కచేరీ అయ్యాక వాయించినవాళ్ళ బల్ల దగ్గరే కొనండి, కాస్త యూరో నగదు జేబులో ఉంచుకుని. ఎల్పీ అట్ట 31 సెంటీమీటర్లు దాటుతుంది. కేఎల్ఎం క్యాబిన్ సంచి కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. సంచి లోపలి వెడల్పు ఇంటి దగ్గరే కొలుచుకుని బయల్దేరండి.