ఉగాండా పరిచర్యకు ముందు ట్రైనింగ్: ఐదుకి మూడు స్టార్లు

ఉగాండాలో పరిచర్యకు వెళ్లేముందు నేనూ మా ఆయనా ఆరు వారాల మిషనరీ ట్రైనింగ్ తీసుకున్నాం. పేరు రాయను, వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అన్నిటికంటే బాగున్నది భాష క్లాసు. ఉగాండా రాజధాని కంపాలాలో కొన్నేళ్లు ఉండి వచ్చిన ఒక అక్క అక్కడి భాష లుగాండా చెప్పేవారు. పొద్దున్నే ఎవరు కనపడినా "వసుజె ఓత్యా" అనాలి, అంటే రాత్రి ఎలా గడిచింది అని. ఆ పలకరింపులన్నీ అయ్యాకే అసలు విషయం ఎత్తాలట. మనం వందనాలండీ అనేసి నేరుగా పనిలోకి దిగిపోతాం కదా, మా ఆయనతో ఆవిడ ఇది ఇరవైసార్లు అనిపించారు, ఆఖరికి ఇంట్లో కాఫీ అడగాలన్నా అదే మొదలుపెట్టారు ఈయన.

బైబిల్ క్లాసులు ఫర్వాలేదు, సండే స్కూల్లో విన్నవే ఎక్కువ.

ఒళ్లు మండింది మాత్రం ఆరోగ్యం విషయంలో. ఉగాండా వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు, వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ఇది చివరి వారంలోనా చెప్పేది? మా ప్రయాణం అప్పటికి 8 రోజులే ఉంది, టికెట్ డేట్ మార్చుకోవడానికి బాగానే చేతిచమురు వదిలింది. పైగా ఈ టీకా వీధి చివర క్లినిక్‌లో దొరకదు, ప్రభుత్వం అనుమతిచ్చిన సెంటర్లలోనే వేస్తారు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, భద్రంగా దాచుకోండి. గుడ్డు ఎలర్జీ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. ఇక మలేరియా మాత్రల ఊసే ఎత్తలేదు, అవి మేమే డాక్టరుని అడిగి తెచ్చుకున్నాం.

మూడు స్టార్లిస్తున్నా, అందులో రెండు ఆ అక్కవే.