చిగుళ్ల జబ్బుకు డీప్ క్లీనింగా, ఫ్లాప్ సర్జరీనా?

పన్ను కదులుతోందని వెంటనే పీకించుకోకండి. ముందు చిగురుకీ పంటికీ మధ్య సందు లోతు కొలిపించుకోండి. మామూలుగా అది 3 మిల్లీమీటర్లు దాటదు.

డీప్ క్లీనింగ్: ఆ చోట మాత్రమే మత్తిచ్చి, చిగురు కింద వేరు మీది గార గీకేస్తారు. కోత, కుట్లు ఉండవు. ఖర్చు తక్కువ. కొన్నాళ్లు చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది.

ఫ్లాప్ సర్జరీ: చిగురు తెరిచి, వేరును చూస్తూ శుభ్రం చేసి కుట్లేస్తారు. ఖర్చెక్కువ. చిగురు తగ్గి పళ్లు పొడవుగా కనిపించవచ్చు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన ఊళ్లలో గట్టి భయం. అది నిజం కాదు. పంటి చుట్టూ ఎముకను అప్పటికే తినేసింది జబ్బు. గార పోయాక ఆ వదులు బయటపడుతుందంతే.

సందు 4, 5 మిల్లీమీటర్లుంటే డీప్ క్లీనింగే మేలు. లోతు ఎక్కువున్నా మొదలు దానితోనే. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు 6 గానీ అంతకు మించి గానీ ఉండి, రక్తం కారుతుంటే సర్జరీ ఆలోచించాలి. డబ్బుకు ఇబ్బందైతే నెల్లూరు డెంటల్ కాలేజీలో అడగండి. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా రెండు చికిత్సల ఫలితమూ తగ్గుతుంది.