జీడీబీ డీబగ్గర్: నడిచే ప్రోగ్రాములో విలువలు మార్చి చూడటానికి ఎంతవరకు పనికొస్తుంది?

పలాసలో జీడిపప్పు తూకానికీ బిల్లుకూ సీ భాషలో రాసిన ప్రోగ్రామును పరీక్షించడానికి నేను జీడీబీని వాడుతున్నాను; ఇది నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గర్, అంటే తప్పులు వెతికే సాధనం. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఈ ఉచిత సాధనంలో నాకు అన్నింటికంటే నచ్చినది, ఆగి ఉన్న ప్రోగ్రాములోని వేరియబుల్ విలువను అక్కడికక్కడే మార్చగలగడం. కాటా పనిచేయనప్పుడు నడవవలసిన కోడును చూడటానికి కాటా తీగ పీకనక్కరలేదు. బరువు చదివే ఫంక్షను ముగిసిన చోట బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగవలసిన గుర్తు) పెట్టి, ‘సెట్ వార్’ ఆదేశంతో బరువును, తప్పు జరిగిందని సూచించే మైనస్ ఒకటిగా మార్చి, ‘కంటిన్యూ’ అని ఇస్తే, మళ్లీ కంపైల్ చేయకుండానే (కోడును యంత్రం నడిపే రూపంలోకి మార్చకుండానే) ప్రోగ్రాము ఆ దారిలోకి మళ్లుతుంది. ‘వార్’ అన్న ముక్కను వదిలేయకూడదు: ‘విడ్త్’ వంటి పేరున్న వేరియబుల్‌ను జీడీబీ తన సొంత సెట్టింగుగా పొరబడుతుంది.

‘రిటర్న్’ ఆదేశం ఫంక్షనులో మిగిలిన భాగాన్ని వదిలించి, మనమిచ్చిన విలువతో పిలిచిన చోటికే తిరిగి పంపుతుంది. అమలును మరో వరుసకు దూకించే ‘జంప్’ ఆదేశం మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ; అది అమలు జరిగే చోటును మారుస్తుందే తప్ప, దాటవేసిన వరుసల్లో సిద్ధం కావలసిన విలువలను సిద్ధం చేయదు కాబట్టి, ఆ తర్వాత కనిపించే తప్పు ప్రోగ్రాముదో మనదో తేల్చడం కష్టం.

ఆప్టిమైజేషన్‌తో, అంటే వేగం కోసం కోడును కంపైలరే మెరుగుపరిచేలా కంపైల్ చేస్తే, కొన్ని వేరియబుల్స్ అసలు అందుబాటులోనే ఉండవు. నల్లని టెర్మినల్ తెర శ్రీకాకుళం కాలేజీల్లో కొత్తగా నేర్చుకునేవారిని బెదరగొట్టవచ్చు. వారికి మౌస్‌తో నొక్కి వాడగల కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ నయం. మార్చిన విలువలు ప్రోగ్రాము ముగియగానే పోతాయి గానీ, బ్రేక్‌పాయింట్‌కు ‘కమాండ్స్’ (అక్కడ ఆగినప్పుడల్లా నడిచే ఆదేశాలు) జతచేస్తే ఆ మార్పు ప్రతిసారీ దానంతటదే జరుగుతుంది.