పాత క్యాంపర్ వ్యాను కొనేవాళ్ళు ముందు హీటరు చూసుకోండి

మాది కావలి. కిందటేడు మే నెలలో నెల్లూరులో ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాను. సీట్లు తీసేసి పడకలు, వంట గట్టు అమర్చిన బండి. పిల్లలకు కాశ్మీరు చూపించాలని నా ఆశ. అమ్మినాయన ఏసీ వేసి చూపించాడు. హీటరు సంగతి అడిగితే "అంతా కండిషన్‌లో ఉందన్నా" అన్నాడు. ఆ ఎండల్లో హీటరు వేసి చూడాలని నాకూ తోచలేదు.

నవంబరులో బనిహాల్ దాటాక రాత్రి హీటరు తిప్పితే చల్లగాలి కొట్టింది. పాప తెల్లార్లూ వణికింది. పక్క బండాయన బొగ్గుల కుంపటి ఇస్తానన్నాడు, వద్దన్నాను. తలుపులు మూసిన బండిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఈ ఏప్రిల్‌లో నెల్లూరులోనే ఒక షెడ్డుకు ఇచ్చాను. హీటరు కోర్ (ఇంజను వేడి నీళ్ళు పారే చిన్న రేడియేటర్ లాంటిది, దాని మీదుగా పోయే గాలే వెచ్చబడి లోపలికి వస్తుంది) మార్చామని 14,500 తీసుకున్నారు. వేసి చూస్తే గాలి వెచ్చగానే వచ్చింది. మన ఎండల్లో బయటి గాలే వెచ్చగా ఉంటుందని అప్పుడు తట్టలేదు. తర్వాత వేరే పనికి ఒంగోలులో ఒక పెద్దాయన బండి విప్పితే అసలు విషయం బయటపడింది. కోర్ పాతదే. దానికి వెళ్ళే రెండు హోస్ పైపులనూ ఒకదానికొకటి కలిపేసి, వేడి నీళ్ళు కోర్‌లోకి పోకుండా క్లిప్పు బిగించారు. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఇంజను వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకేయడం మన వైపు చాలా షెడ్లలో అలవాటు. ఇంజను నీళ్ళు 80 డిగ్రీలు దాటేదాకా రేడియేటర్‌కు పోకుండా ఆపేది అదే. అది లేకపోతే చలి ప్రదేశంలో ఇంజను సరిగ్గా వేడెక్కదు, హీటరుకు వేడి అందదు, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. కూలెంట్ (ఇంజను చల్లబరచడానికి పోసే ద్రవం) బదులు బోరు నీళ్ళు పోస్తే కోర్ సన్న గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. కనిగిరి వైపు నీళ్ళు వాడిన బండి అయితే ఇంకా జాగ్రత్తగా చూడండి.

డబ్బిచ్చే ముందు పొద్దున్నే వెళ్ళండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల తుప్పు నీళ్ళుంటే అనుమానించండి. తర్వాత అరగంట నడిపి హీటరు ఫుల్ పెట్టండి, టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూడండి. బండి ఆపి, ఇంజను నుంచి క్యాబిన్‌లోకి పోయే రెండు హోసులనూ మెల్లగా తాకండి. రెండూ వేడిగా ఉండాలి. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయి ఉండొచ్చు. రెండూ చల్లగా ఉంటే నీళ్ళే వెళ్ళడం లేదు. కాళ్ళ దగ్గర తడి, తియ్యటి వాసన ఉంటే కోర్ కారుతున్నట్టు.

షెడ్డులో ఏది మార్చినా పాత సామాను అడిగి తీసుకోండి. ఒంగోలు పెద్దాయన అడక్కుండానే నా పాత కోర్ చేతికిచ్చాడు. తట్టితే తెల్లటి సున్నం రాలింది. నెల్లూరు షెడ్డువాళ్ళు మాత్రం ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.